నేపాల్ ప్రధాన సేనాపతి గారికి: పంచాయితీ మీ గుమ్మంలో వద్దు

జనరల్ అశోక్ రాజ్ సిగ్దెల్ గారికి,
ప్రధాన సేనాపతి, నేపాలీ సేన,
భద్రకాళి, కాఠ్మాండూ.

నవంబర్ 21, 2025

నమస్కారం.

మీకు లేఖ రాసే హక్కు ఒక భారత పౌరుడికి ఎక్కడిదని మీ ఆఫీసులో ఎవరైనా అడగొచ్చు. 1950 నుంచి మన రెండు దేశాల సైన్యాధిపతులు ఒకరి సైన్యంలో మరొకరు గౌరవ జనరల్ హోదా తీసుకుంటూ వస్తున్నారు. నిరుడు డిసెంబర్‌లో ఢిల్లీలో మా రాష్ట్రపతి చేతుల మీదుగా మీరూ తీసుకున్నారు. ఆ లెక్కన మీరు మా సైన్యానికి కూడా జనరలే. ఆ చనువుతోనే రాస్తున్నాను. పైగా ఇవాళ్టికి మీ దేశంలో మావోయిస్టులతో శాంతి ఒప్పందం కుదిరి 19 ఏళ్లు.

ఇంకో కారణం మా ఇంటిది. సెప్టెంబర్ రెండో వారంలో నేపాల్‌లో చిక్కుకుపోయిన తెలుగువాళ్లు రెండొందల మందికి పైనే. అందులో చాలామంది యాత్రలకు వెళ్లినవాళ్లు. పశుపతినాథ్ దర్శనానికి వెళ్లిన మా చిన్నమ్మ కూడా వాళ్లలో ఒకరు. హోటల్ కిటికీలోంచి చూస్తే పొగ, కింద షట్టర్లు దించేశారు, మేనేజరు ఎవర్నీ గుమ్మం దాటనివ్వడం లేదు. తొమ్మిదో తేదీ అంతా ఫోన్లో ఏడుపే. పదో తేదీ పొద్దున్నే చేసి, "ఆర్మీ దిగిందట్రా, వీధిలో బండ్లు తిరుగుతున్నాయి, ఇంక పర్లేదు, నువ్వు టెన్షన్ పడకు" అంది. తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టించిన ప్రత్యేక విమానంలో క్షేమంగా వచ్చింది.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది, మేమూ పీల్చుకున్నాం. మీ దేశంలో లక్షలమంది ఆ రాత్రి అలాగే హమ్మయ్య అనుకుని ఉంటారు. కానీ సైన్యం వీధిలోకి వస్తే జనం హమ్మయ్య అనుకున్నారంటే మిగతా వ్యవస్థలు ఏ స్థితికి వచ్చాయో ఆలోచించండి. నాకు ఆ రోజు నుంచీ మనసులో నలుగుతున్నది ఇదే.

ముందు మీరు చేసిన మంచి పని చెప్పుకోవాలి. సెప్టెంబర్ 4న ప్రధాని ఓలీ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి 26 సోషల్ మీడియా వేదికలను నిషేధించింది. 8న రోడ్డెక్కిన కుర్రవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఒక్కరోజే 19 మంది చనిపోయారు. మర్నాడు మీ సచివాలయం సింహ్ దర్బార్, పార్లమెంటు, సుప్రీంకోర్టు అన్నీ తగలబడ్డాయి. ప్రధాని రాజీనామా చేశారు. మంత్రులను మీ హెలికాప్టర్లు ఎక్కించుకుని వెళ్లాయి. జైళ్ల గోడలు బద్దలుకొట్టుకుని 13 వేల మందికి పైగా ఖైదీలు పారిపోయారు. ఆ రాత్రి పది గంటలకు భద్రత బాధ్యత మీరు తీసుకున్నారు. 12వ తేదీ రాత్రికి మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ ప్రధానిగా ప్రమాణం చేశారు.

అంటే మూడు రోజులపాటు అధికారం మీ గుమ్మంలో పడి ఉంది. మీరు తీసి జేబులో వేసుకోలేదు. మన చుట్టుపక్కల చరిత్ర తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పాకిస్తాన్ సంగతి సరేసరి. మయన్మార్ సైన్యం 2021 ఫిబ్రవరిలో తీసుకున్న అధికారాన్ని ఇప్పటికీ వదల్లేదు. బంగ్లాదేశ్‌లో 2007 జనవరిలో ఎన్నికలు పెట్టేదాకా అంటూ సైన్యం వెనక నిలబడి నడిపించిన తాత్కాలిక ప్రభుత్వం రెండేళ్లు సాగింది. మీరు మార్చి 5న ఎన్నికలని తేదీ ఖరారవగానే వెనక్కి జరిగారు. అందుకు మీకు దండం పెట్టొచ్చు.

పొగడ్త ఇక్కడితో సరి. ఆ మూడు రోజుల్లో జరిగినవి కొన్ని నాకు మింగుడు పడలేదు.

తొమ్మిదో తేదీ రాత్రి మీరు టీవీలో మాట్లాడుతుంటే వెనక గోడ మీద పృథ్వీ నారాయణ్ షా పటం కనిపించింది. మీ సైన్యానికి ఆయన మూలపురుషుడు, నేపాల్‌ని ఒక్కటి చేసిన రాజు. మామూలు రోజైతే ఎవరూ పట్టించుకోరు. పార్లమెంటు కాలుతున్న రాత్రి మాత్రం జనం మీ మాటలకన్నా ఆ పటం మీదే ఎక్కువ దృష్టి పెట్టారు. రాజుగారు మళ్లీ వస్తున్నారా అని మీ దగ్గరే కాదు, మా వాట్సాప్ గ్రూపుల్లో కూడా అదే చర్చ. 2008 మే 28న రద్దయిన రాచరికం పదిహేడేళ్ల తర్వాత ఒక పటంతో మళ్లీ మాటల్లోకి వచ్చింది. కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకునేవాళ్లు మీ దగ్గర లేకపోరు.

అంతకన్నా ముఖ్యమైంది, ప్రధాని ఎవరన్న చర్చ మీ హెడ్‌క్వార్టర్స్‌లో జరగడం. లోపల ఎవరున్నారో, ఎవరి పేరు ముందుకొచ్చిందో తెలియక గేటు బయట ఆందోళన చేసిన కుర్రకారు, అంటే జెన్-జీ గ్రూపులు ఒకళ్లనొకళ్లు తోసుకున్నాయి. రాచరికం కావాలనే ఒక వ్యాపారవేత్తతో కూడా మాట్లాడమన్నారని ఆరోపిస్తూ కొందరు చర్చల్లోంచి లేచి వచ్చేశారని వార్తలొచ్చాయి. రాష్ట్రపతి భవనం శీతల్ నివాస్‌కూ నిప్పు పెట్టారు, రాష్ట్రపతి మీ రక్షణలోనే ఉన్నారు, కూర్చోవడానికి ఇంకో చోటు లేదంటే ఈసారికి ఒప్పుకుంటాను. మీ రాజ్యాంగం 76వ అధికరణం ప్రధానిని పార్లమెంటు ప్రతినిధుల సభలోంచే తీసుకోమంటుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసినవాళ్లు మరో ప్రభుత్వ పదవి చేపట్టకూడదని 132వ అధికరణం చెబుతుంది. ఆ రెండింటినీ పక్కనపెట్టి రాష్ట్రపతి గురించి చెప్పే 61వ అధికరణం కింద నియామకం కానిచ్చేశారు. ఇల్లు కాలుతుంటే రూల్స్ పుస్తకం తీసి చదివేవాళ్లు ఉండరు, నిజమే. కానీ ఒకసారి తెరిచిన దారిలో రెండోసారి నడవడం తేలిక. రేపు ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే, మళ్లీ వీధులు వేడెక్కితే, అందరి కాళ్లూ అలవాటుగా భద్రకాళి వైపే తిరుగుతాయి.

మా ఊళ్లలో అన్నదమ్ములు ఆస్తి కోసం కొట్టుకుంటుంటే ఎవరో ఒక పెద్దమనిషిని అరుగు మీదకు పిలుస్తారు. ఆయన మాట చెల్లాలంటే ఆ ఆస్తిలో ఆయనకు వాటా ఉండకూడదు, ఆయన మీద కేసు ఉండకూడదు. జనరల్ గారూ, మీ సంస్థకు వాటా ఉంది, కేసూ ఉంది. నేను చెప్పదలుచుకున్నది అంతే. కింద రాసేదంతా దాని వివరమే.

మీ సైన్యం రాజకీయాల మధ్యకు రావడం 2025లో మొదలవలేదు. 1996 ఫిబ్రవరి 13న రోల్పా, రుకుం కొండల్లో మావోయిస్టులు యుద్ధం మొదలుపెడితే ఐదేళ్లకు పైగా పోరాడిందీ చచ్చిందీ పోలీసులే. 2001 జూలైలో రోల్పా జిల్లా హోలేరిలో మావోయిస్టులు పదుల సంఖ్యలో పోలీసులను ఎత్తుకుపోయారు. ప్రధాని గిరిజా ప్రసాద్ కొయిరాలా సైన్యాన్ని పంపారు. సైన్యం వెళ్లింది గానీ పోరాడలేదు. అప్పట్లో అది రాజుగారి సైన్యం, ప్రధాని మాట వినాల్సిన అవసరం దానికి కనిపించలేదు. కొయిరాలా రాజీనామా చేశారు. ఆ నవంబర్‌లో మావోయిస్టులు దాంగ్ బ్యారక్ మీద దాడి చేసి సైనికులనే చంపాక గానీ మీరు యుద్ధంలోకి దిగలేదు. దిగాక మాత్రం చావుల లెక్క ఎక్కడికో పెరిగిపోయింది. పదేళ్ల యుద్ధంలో చనిపోయిన 17 వేల మందిలో ఎక్కువ భాగం ఆ తర్వాతి వాళ్లే.

2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర అధికారం మొత్తం చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన వెనక నిలబడింది కూడా మీ సైన్యమే. ఫోన్లు మూగబోయాయి, పత్రికాఫీసుల్లో సైనికాధికారులు కూర్చుని ఏ వార్త ఉండాలో, ఏది తీసెయ్యాలో చెప్పారు. ఏడాది తిరిగేసరికి 19 రోజుల జనాందోళన రాజును వంచింది. 2006 మే 18న సభ ఒక్క ప్రకటనతో సైన్యం పేరులోంచి రాజును తీసేసింది.

పేరు మార్చినంత తేలిగ్గా అలవాటు మారదు. 2009 మే 3న మావోయిస్టు నాయకుడు, ప్రధాని ప్రచండ మంత్రివర్గం అప్పటి ప్రధాన సేనాపతి రుక్మాంగద్ కటవాల్‌ని తొలగించింది. ప్రభుత్వం వద్దన్నా కొత్తవాళ్లను చేర్చుకున్నారనీ, రిటైర్ కావాల్సిన ఎనిమిది మంది బ్రిగేడియర్ జనరళ్ల విషయంలో మాట వినలేదనీ ఆరోపణ. అదే రాత్రి రాష్ట్రపతి రామ్ బరణ్ యాదవ్ నేరుగా కటవాల్‌కు, మీరు పదవిలో కొనసాగండి అని లేఖ పంపారు. మర్నాడు ప్రచండ రాజీనామా. ఎవరిది తప్పన్నది మీ దేశంలో నేటికీ తెగని వాదన. మావోయిస్టులు సైన్యాన్ని మింగేస్తారన్న భయం నేపాలీ కాంగ్రెస్‌లో ఎంతుందో మా ఢిల్లీలోనూ అంతే ఉండేది. ఆ భయం పూర్తిగా ఉత్తదని నేననను. కానీ గీత దాటింది ఎవరైనా సరే, ఎన్నికైన ప్రభుత్వం ఇంటికి వెళ్లింది, సేనాపతి కుర్చీలో మిగిలారు. 2001లో జరిగిందీ అదే. మొన్న సెప్టెంబర్‌లో ఓలీ గారు దిగిపోయింది మీరు చెప్పాకేనని వార్తలొచ్చాయి. పిల్లల మీద కాల్పులు జరిగాక ఆయన ఒక్క గంట కూడా ఆ కుర్చీలో ఉండాల్సింది కాదు, అది వేరే సంగతి. అయినా ఇరవై నాలుగేళ్లలో ముగ్గురు ప్రధానుల నిష్క్రమణలో సైన్యం పేరు వినిపించడం మీకు గర్వకారణం కాకూడదు.

ఇక్కడ మా తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఒక విషయం చెప్పాలి. 2004 అక్టోబర్‌లో హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నక్సలైట్లతో చర్చలకు కూర్చుంది. ఆయుధాలు పట్టుకుని ఊళ్లలో తిరగొచ్చా, కూడదా అన్న దగ్గర పీటముడి పడింది. 2005 జనవరికల్లా చర్చలు అటకెక్కాయి, ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి. మొన్న మంగళవారం మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల వార్త చదువుతుంటే కూడా నాకు ఆ గెస్ట్‌హౌసే గుర్తొచ్చింది.

అదే పీటముడిని మీ దేశం రెండేళ్ల తర్వాత విప్పింది. ఏడు ప్రధాన శిబిరాలు, 21 ఉపశిబిరాలు. మావోయిస్టుల తుపాకులకు నంబర్లు వేసి ఇనుప కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి వాళ్ల కమాండర్ దగ్గరే ఉంది. ఐక్యరాజ్య సమితి బృందం దగ్గర రిజిస్టరు, నిఘా కెమెరా, ఎవరైనా తలుపు ముడితే మోగే సైరన్ ఉన్నాయి. వాళ్లు ఎన్ని తుపాకులు పెట్టారో మీ సైన్యం కూడా ఛౌనీ బ్యారక్‌లో అన్నే పెట్టి తాళం వేసింది. లొంగిపోయారన్న మాట ఎవరికీ పడాల్సిన పని లేకపోయింది. ఇంత మామూలు కిటుకు మాకెందుకు తట్టలేదని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తట్టినా ఒప్పుకునేవాళ్లు ఉండాలనుకోండి.

ఆ తర్వాతి కథ అంత అందంగా లేదు. ఐక్యరాజ్య సమితి పరిశీలనలో తేలిన మావోయిస్టు సైనికులు 19,602 మంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లనీ, 2006 మే 25 తర్వాత చేరారనీ 4,008 మందిని పక్కనపెట్టారు. మిగతావాళ్లు శిబిరాల్లో ఐదేళ్లకు పైగా ఎదురుచూస్తూ గడిపారు, అక్కడే పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. 2011 నవంబర్ 1న పార్టీలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 6,500 మంది దాకా సైన్యంలో చేరొచ్చు. చివరికి చేరింది 1,400 పైచిలుకు. ఎక్కువ మంది ఐదు నుంచి ఎనిమిది లక్షల నేపాలీ రూపాయలు తీసుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. 2012 ఏప్రిల్ 10న మీ సైన్యం ఆ శిబిరాలను చేతిలోకి తీసుకునే నాటికి కొన్ని చోట్ల మావోయిస్టు సైనికులు సొంత కమాండర్ల మీదే తిరగబడుతున్నారు.

యుద్ధం చేసిన రెండు సైన్యాల్లో ఒకటి అలా కరిగిపోయింది. రెండోది, మీది, మునుపటికన్నా పెద్దదై మిగిలింది. యుద్ధానికి ముందు 50 వేల లోపు ఉన్నవాళ్లు ఇప్పుడు 90 వేలు దాటారు. సైన్యాన్ని ప్రజాస్వామ్యబద్ధం చేస్తామనీ, ఎంతమంది ఉండాలో తేలుస్తామనీ శాంతి ఒప్పందంలోనే రాసుకున్నారు. ఆ పని కమిటీల దగ్గరే ఆగిపోయింది. పార్టీలకు తీరిక లేదు, మీకు తొందర లేదు.

ఇప్పుడు కేసు సంగతి.

2004 ఫిబ్రవరిలో కావ్రే జిల్లాలో మైనా సునువార్ అనే పదిహేనేళ్ల అమ్మాయిని సైనికులు ఇంటి నుంచి తీసుకెళ్లారు. పాంచ్‌ఖాల్ బ్యారక్‌లో చిత్రహింసలకు ఆ పిల్ల చనిపోయింది. శవాన్ని బ్యారక్ ఆవరణలోనే పాతిపెట్టారు. ఆ ఆవరణ ఏమిటో మీకు తెలుసు: ఐక్యరాజ్య సమితి శాంతి దళాలకు వెళ్లే మీ జవాన్లకు శిక్షణ ఇచ్చే చోటు. సైనిక కోర్టు 2005లో ముగ్గురు అధికారులకు వేసిన శిక్ష ఆరు నెలల జైలు, అదీ విచారణ కాలంలోనే గడిచిపోయిందన్నారు. 2007లో అస్థికలు తవ్వి తీశారు. 2009లో ఇదే కేసులో పేరున్న ఒక మేజర్ చాద్‌లో శాంతి దళంలో ఉంటే ఐక్యరాజ్య సమితి వెనక్కి పంపేసింది. మీవాళ్లు ఆయన్ని పోలీసులకు అప్పగించలేదు. 2017 ఏప్రిల్‌లో కావ్రే జిల్లా కోర్టు ముగ్గురు మాజీ అధికారులకు హత్య నేరం కింద యావజ్జీవం వేసింది, మేజర్‌ని నిర్దోషి అంది. అప్పుడు సైన్యం చేసిన పనేమిటంటే, ఆ తీర్పు కొట్టెయ్యమని సుప్రీంకోర్టుకు వెళ్లడం. తీర్పు అమలు కాలేదు. ఆ అమ్మాయి తల్లి ఇరవై ఏళ్లుగా తిరగని ఆఫీసు లేదు.

నిజం చెప్పాలంటే ఆ మేజర్ విడుదల కావడమే నాకు మంచి సూచనలా కనిపిస్తుంది. సివిల్ కోర్టు గుడ్డిగా యూనిఫాం మీద కక్ష తీర్చుకోలేదు, సాక్ష్యం చూసి ఒకరిని వదిలేసింది. చిత్రహింసల ఆరోపణ మీద బ్రిటన్‌లో 2013లో అరెస్టయిన మీ కల్నల్ కుమార్ లామా విషయంలోనూ అంతే, 2016లో అక్కడి కోర్టు ఆయనకు శిక్ష వెయ్యలేదు. మరి కోర్టంటే ఇంత భయం ఎందుకు?

ఇదొక్కటే అయితే పాత గాయం అనుకోవచ్చు. 2003లో కాఠ్మాండూ నడిబొడ్డున మహారాజ్‌గంజ్ భైరవనాథ్ బ్యారక్‌లో బంధించి, తర్వాత జాడ లేకుండా పోయిన 49 మంది గురించి ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2006లోనే నివేదిక ఇచ్చింది. ఆ 2003లోనే, కాల్పుల విరమణ నడుస్తుండగానే సైనికులు రామేఛాప్ జిల్లా దోరంబాలో 19 మందిని పట్టుకుని కాల్చేశారని మీ మానవ హక్కుల కమిషనే తేల్చింది. మావోయిస్టులు చేసినవీ తక్కువేం కాదు. 2005లో చిత్వన్ జిల్లా మాడీలో జనంతో నిండిన బస్సు కింద వాళ్లు బాంబు పేల్చారు. ఆ నాయకులు తర్వాత ప్రధానులయ్యారు, మంత్రులయ్యారు. అసలు మెలిక ఇక్కడే ఉంది. వాళ్ల కేసులు కదిలితే మీ కేసులు కదులుతాయి, మీవి కదిలితే వాళ్లవి కదులుతాయి. అందుకే నిన్నటిదాకా ఒకళ్లనొకళ్లు చంపుకున్నవాళ్లు ఈ ఒక్క విషయంలో మాత్రం ఏ ఒప్పందం రాసుకోకుండానే ఒక్క మాట మీద ఉన్నారు. అదృశ్యమైనవాళ్ల మీద కమిషన్ వెయ్యమని 2007 జూన్‌లో సుప్రీంకోర్టు చెబితే, కమిషన్లు ఏర్పడింది 2015లో. వాటికి 60 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. ఆ కమిషన్ల చట్టం సరిదిద్దింది 2024 ఆగస్టులో. మొన్న మే నెలలో కొత్త సభ్యులను వేస్తే, మమ్మల్ని అడక్కుండా వేశారని బాధితులే రోడ్డెక్కారు.

ఇక వాటా. కాఠ్మాండూ నుంచి తరాయిలో నిజ్‌గఢ్ దాకా సుమారు 71 కిలోమీటర్ల ఫాస్ట్‌ట్రాక్ రోడ్డును 2017లో మీకు అప్పగించారు. నాలుగేళ్లలో అయిపోవాలి. గడువు 2024కి జరిగింది, ఇప్పుడు 2027 ఏప్రిల్ అంటున్నారు. అంచనా ఖర్చు 21 వేల కోట్ల నేపాలీ రూపాయలు దాటింది. ఖోకనా దగ్గర నేవార్ రైతులు మా పొలాలు, మా జాతర దారి పోతాయని అడ్డం తిరిగారు. మామూలుగా అయితే రైతు వెళ్లి కలెక్టరునో కాంట్రాక్టరునో నిలదీస్తాడు. ఇక్కడ ఎదురుగా ఉన్నది సైన్యం. టెండర్ల తీరు మీద పార్లమెంటు కమిటీ ప్రశ్నలడిగితే జవాబు చెప్పాల్సింది సైన్యం. ఇది కాక సైనిక సంక్షేమ నిధి. శాంతి దళాలకు వెళ్లిన జవాన్ల జీతంలో కోసిన డబ్బుతో పెరిగిన నిధి అది. బడులు, వైద్య కళాశాల సరే, జవాన్ల కుటుంబాలకు అక్కరకొస్తాయి. పెట్రోలు బంకులు కూడా ఎందుకు? నీళ్ల బాటిళ్ల వ్యాపారం ఎందుకు?

మీకిచ్చారు, మీరు చేశారు, ఒప్పుకుంటాను. మీ నాయకులకు రోడ్డు కావాలన్నా సైన్యమే, 2020లో కరోనా మందులూ కిట్లూ కొనాలన్నా సైన్యమే. టెండర్లో ఎవరు తిన్నారన్న గొడవ తప్పుతుందని వాళ్ల ఆశ. 2008 నుంచి ఒక్క ప్రభుత్వం ఐదేళ్లు నిండలేదు. కొత్త రాజ్యాంగం వచ్చి సుశీల్ కొయిరాలా దిగాక పదేళ్లపాటు ఓలీ, ప్రచండ, దేవుబా ముగ్గురే కుర్చీ మార్చుకుంటూ కూర్చున్నారు. 2020 డిసెంబర్లో ఒకసారి, 2021 మేలో మరోసారి ఓలీ సభను రద్దు చేయిస్తే రెండుసార్లూ సుప్రీంకోర్టు బతికించింది. 2013లో పార్టీలకు ఏకాభిప్రాయం కుదరక, పదవిలో ఉన్న ప్రధాన న్యాయమూర్తినే తెచ్చి ఎన్నికల ప్రభుత్వానికి పెద్దను చేశారు. ఇన్ని చూశాక జనం సైన్యమే నయం అనుకోవడంలో వింతేముంది? 2015 భూకంపంలో శిథిలాల కింద నుంచి మనుషుల్ని లాగింది మీ జవాన్లే కదా.

ఆ నమ్మకం ఎటు తీసుకెళ్తుందో చూడాలంటే లెబనాన్ ఉంది. అక్కడ అంతర్యుద్ధం 1990లో ముగిసింది. పార్టీలన్నీ మతాల వారీగా చీలిపోయి ఉంటే అందరూ నమ్మే సంస్థగా సైన్యమే మిగిలింది. 1998 నుంచి ఇప్పటిదాకా అధ్యక్షులైన నలుగురూ మాజీ సైన్యాధిపతులే: లహూద్, సులేమాన్, మిషెల్ అవున్, ఈ ఏడాది జనవరిలో జోసెఫ్ అవున్. జనరల్ వెంట జనరల్ వచ్చినా ఆ దేశానికి కరెంటు సరిగా రాలేదు, బ్యాంకుల్లో జనం దాచుకున్న డబ్బు వెనక్కి రాలేదు. పైగా సైన్యాధిపతి పదవి అంటే అధ్యక్ష పదవికి ముందు మెట్టు అన్నట్టు తయారైంది. మీ తర్వాత రాబోయే అధికారుల్లో ఎవరికైనా అలాంటి ఆలోచన పుడితే అది మీ సంస్థకే చేటు.

అందుకే నా విన్నపం ఇది. మార్చి 5న పోలింగ్ కేంద్రాలకు బయటి వలయంలో కాపలా కాయండి, అంతవరకే. ఫలితాల తర్వాత సభలో ఎవరికీ మెజారిటీ రాకపోతే, ఏ నాయకుడైనా, ఏ కుర్రకారైనా మీ గేటు దగ్గరికి వస్తే మర్యాదగా శీతల్ నివాస్‌కు దారి చూపించండి. ప్రభుత్వం ఏర్పడటానికి నెల పట్టినా రెండు నెలలు పట్టినా పట్టనివ్వండి. పార్టీలు వాళ్లలో వాళ్లు కొట్టుకుని, బేరాలాడి, సిగ్గుపడి చివరికి ఒక చోట కూర్చోవడం నేర్చుకోవాలి. మీరు మధ్యలో ఉన్నంతకాలం వాళ్లకు ఆ అవసరం రాదు. ఫాస్ట్‌ట్రాక్ చేతిలో పెట్టుకున్నారు కాబట్టి పూర్తి చెయ్యండి, కానీ రేపు ఇంకో రోడ్డో డ్యామో తీసుకోమంటే వద్దని రాతపూర్వకంగా చెప్పండి. అలా వద్దని చెప్పిన సేనాపతి మాట మీ నాయకులు ఒక్కసారైనా వినాలి.

కేసు విషయంలో ఎన్నికల దాకా కూడా ఆగక్కర్లేదు. భైరవనాథ్ బ్యారక్‌లో 2003 నాటి డ్యూటీ రిజిస్టర్లు, కమాండ్ ఉత్తర్వులు ఏమున్నా కమిషన్‌కు అప్పగించొచ్చు. కావ్రే తీర్పు మీద సైన్యం వేసిన పిటిషన్ వెనక్కి తీసుకోవచ్చు. ఆ ముగ్గురూ ఇప్పుడు మీ ఉద్యోగులు కారు. వాళ్లకు పైకోర్టులో వాదించుకునే హక్కు ఉంది, లాయర్లను వాళ్లు పెట్టుకుంటారు. సైన్యం వాళ్ల తరఫున నిలబడాల్సిన పనేముంది? ఇందుకు పార్లమెంటు అక్కర్లేదు, మంత్రివర్గం అక్కర్లేదు. మీ పదవీకాలం 2027 సెప్టెంబర్ వరకు ఉంది. ఆలోగా చెయ్యడానికి మీ సంతకం చాలు.

భవదీయుడు,
ఒక తెలుగు పాఠకుడు,
విశాఖపట్నం.